గేజ్ మీద 20 మిల్లీమీటర్లు

స్కోడా కార్లకు మన దేశంలో సర్వీసు గడువు 15,000 కిలోమీటర్లు లేదా ఏడాది. ఆ కంపెనీ మాన్యువల్లోనే ఇంకో అంకె ఉంటుంది. నడిపే తీరును బట్టి ఇంజిన్ 1000 కిలోమీటర్లకు అర లీటరు దాకా ఆయిల్ ఖర్చు చేయవచ్చు, మొదటి 5000 కిలోమీటర్లలో అంతకు కాస్త మించవచ్చు అని. రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి గుణించండి. 15,000 కిలోమీటర్లకు ఏడున్నర లీటర్లు. మూడు సిలిండర్ల చిన్న టర్బో ఇంజిన్‌లో పట్టే ఆయిల్ మొత్తం సుమారు నాలుగు లీటర్లు.

అంటే కంపెనీ దృష్టిలో ఏ లోపమూ లేని కారు కూడా, ఆ పై హద్దు దగ్గర నడిస్తే, సర్వీసు తేదీ వచ్చేలోగా తనలోని ఆయిల్‌ను దాదాపు రెండుసార్లు ఖాళీ చేయగలదు. నిజానికి అంత దూరం పోనక్కర్లేదు. డిప్‌స్టిక్ మీద, షెడ్డులో దీన్ని గేజ్ అంటారు, పైన ఒక గుర్తు, కింద ఒక గుర్తు ఉంటాయి. చాలా కార్లలో ఆ రెంటి మధ్య ఎడం సుమారు లీటరు ఆయిల్‌కు సమానం. చిన్న ఇంజిన్లలో ఇంకాస్త తక్కువ. 1000 కిలోమీటర్లకు అర లీటరు చొప్పున పై గుర్తు నుంచి కింది గుర్తుకు దిగడానికి 2000 కిలోమీటర్లు చాలు. హైదరాబాద్ నుంచి విజయవాడకు 65వ నంబరు జాతీయ రహదారి మీద సుమారు 270 కిలోమీటర్లు. నాలుగోసారి వెళ్లి తిరిగి వచ్చేలోపే ఆయిల్ కింది గుర్తుకు చేరుతుంది. సర్వీసు సెంటర్ నుంచి ఫోన్ రావడానికి అప్పటికి ఇంకా 13,000 కిలోమీటర్లు ఉంటుంది.

చాలా కార్లు ఈ హద్దు దరిదాపుల్లోకి కూడా రావు. ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్ 1000 కిలోమీటర్లకు 100 మిల్లీలీటర్ల లోపే ఖర్చు చేస్తుంది. కానీ మీ కారు ఏ కోవలోదో మాన్యువల్ చెప్పదు, షోరూమ్‌లో ఎవరూ చెప్పలేరు. కొలిస్తేనే తెలుస్తుంది. డెలివరీ రోజున పెయింటు మీద గీతలు వెతుకుతాం, మీటరులో ఎన్ని కిలోమీటర్లున్నాయో చూస్తాం, గుడికి తీసుకెళ్లి టైర్ల కింద నిమ్మకాయలు పెడతాం. బానెట్ ఎత్తి గేజ్ లాగి చూసేవాళ్లు మాత్రం తక్కువ. సర్వీసు గడువు ఆయిల్ మార్చడానికే తప్ప ఆయిల్ చూడటానికి కాదన్న సంగతి, లక్షలు పోసి కారు కొన్న మనిషికి ఎవరూ విడమరిచి చెప్పకపోవడం నాకు బాధగానే ఉంటుంది.

చుక్కల లెక్క

ఇంజిన్ అసలు ఆయిల్ ఎందుకు తాగాలి? మామూలుగా పిస్టన్‌కు మూడు రింగులుంటాయి. పై రెండూ మంట పుట్టించిన పీడనాన్ని కిందికి జారనివ్వవు. మూడోది సిలిండర్ గోడ మీది ఆయిల్‌ను గీకి కిందికి పంపుతుంది. పూర్తిగా గీకేస్తే రింగులు పొడి గోడకు రాసుకుని అరిగిపోతాయి. అందుకని కొన్ని మైక్రాన్ల పొర గోడ మీద మిగలాలి. తల వెంట్రుక మందం 70 మైక్రాన్లు అనుకుంటే, ఈ పొర అందులో పదో వంతు కూడా ఉండదు. మంట వచ్చిన ప్రతిసారీ ఆ పొరలో ఇసుమంత కాలిపోతుంది. ఇది లోపం కాదు, ఇంజిన్ బతకడానికి కట్టే మూల్యం.

ఆ ఇసుమంత ఎంతో లెక్క కడదాం. గంటకు 60 కిలోమీటర్ల వేగమంటే నిమిషానికో కిలోమీటరు. ఇంజిన్ నిమిషానికి 2000 చుట్లు తిరుగుతోందనుకోండి. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో ప్రతి చుట్టుకూ రెండు మంటలు. కిలోమీటరుకు 4000, 1000 కిలోమీటర్లకు 40 లక్షలు. ఆస్పత్రిలో సెలైన్ ఎక్కించేటప్పుడు మిల్లీలీటరుకు 20 చుక్కలని లెక్కిస్తారు కదా, అదే కొలత తీసుకుంటే 100 మిల్లీలీటర్లంటే 2000 చుక్కలు. 40 లక్షల మంటలకు 2000 చుక్కలు. అంటే ఒక్క ఆయిల్ చుక్కను 2000 మంటలు పంచుకుంటే అది మంచి ఇంజిన్. అదే చుక్క 400 మంటలకే అయిపోతే 1000 కిలోమీటర్లకు అర లీటరు, 200 మంటలకే అయిపోతే లీటరు. ఆరోగ్యానికీ జబ్బుకూ మధ్య తేడా ఇంత సన్నంగా ఉంటుంది కాబట్టే కంటికి కనిపించే పొగ మీద, చెవికి వినిపించే శబ్దం మీద ఆధారపడితే లాభం లేదు. సైలెన్సర్ దారిలో ఉండే కెటలిటిక్ కన్వర్టర్ కొంత ఆయిల్ పొగను కాల్చేస్తుంది. నీలం పొగ స్పష్టంగా కనబడేసరికి ఖర్చు చాలా పెరిగిపోయి ఉంటుంది.

ఆ కన్వర్టర్‌కు కూడా ఇది నష్టమే. ఇంజిన్ భాగాలు అరగకుండా ఆయిల్‌లో కలిపే ఫాస్ఫరస్ అందులోని లోహపు పూతను విషంలా పాడు చేస్తుంది. అందుకే పెట్రోల్ ఇంజిన్ ఆయిల్‌లో ఫాస్ఫరస్ బరువులో 0.08 శాతానికి మించకూడదని ఇల్సాక్ అనే ఆయిల్ ప్రమాణం హద్దు పెట్టింది.

రింగుల దారి ఒక్కటే కాదు. వాల్వుల కాడల దగ్గరున్న రబ్బరు సీళ్ల మీదుగా, టర్బో షాఫ్టు సీళ్ల మీదుగా, క్రాంక్‌కేస్ ఆవిరిని మళ్లీ ఇంజిన్‌లోకి పంపే గొట్టం గుండా కూడా ఆయిల్ పోతుంది. ఆవిరి కావడం చిన్న విషయమేమీ కాదు. నోయాక్ అనే పరీక్షలో ఆయిల్‌ను 250 డిగ్రీల వేడిలో గంటసేపు ఉంచుతారు. బరువులో 15 శాతం ఎగిరిపోయినా ఇల్సాక్ ప్రమాణం ప్రకారం ఆ ఆయిల్ పాసైనట్టే.

కొత్త ఇంజిన్ సంగతి వేరు

సిలిండర్ గోడను ఫ్యాక్టరీలో అద్దంలా నున్నగా వదిలెయ్యరు. తిరగలికి గంట్లు కొట్టించినట్టు దాని మీద కావాలనే అడ్డదిడ్డంగా సన్నని గీతలు పెడతారు. దీన్ని హోనింగ్ అంటారు. ఆ గీతల్లో ఆయిల్ నిలుస్తుంది. గీతల మధ్య మిగిలిన పదునైన అంచులు మొదటి వందల కిలోమీటర్లలో రింగుల రాపిడికి అరిగి సాపు అవుతాయి, రింగులు కూడా ఆ గోడ ఆకారానికి ఒదుగుతాయి. ఆ ఒదుగుడు పూర్తయ్యేదాకా రింగుకూ గోడకూ మధ్య సందు కాస్త ఎక్కువ, ఆయిల్ ఖర్చూ ఎక్కువే. మొదటి 5000 కిలోమీటర్ల గురించి మాన్యువల్ చెప్పే మినహాయింపు దీని కోసమే.

రింగులు ఒదగాలంటే వాటి వెనక పీడనం ఉండాలి, అది మారుతూ ఉండాలి. అందుకే మొదటి 1000 కిలోమీటర్లు యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కొద్దని, గంటలకొద్దీ ఒకే వేగంతో పోవద్దని, బండి వెనక ఏదీ లాగొద్దని చాలా కంపెనీలు చెబుతాయి. కొత్త కారు కదా అని పువ్వులా, ఎప్పుడూ 40 దాటకుండా నడపడం దానికి మేలు చేసినట్టు కాదు. రింగులకు ఒత్తిడి తగలక, ఒదగడం ఆలస్యమవుతుంది.

పల్చని ఆయిళ్ల మీద అనుమానాలు చాలామందికి ఉన్నాయి. మారుతి ఇప్పటి పెట్రోల్ ఇంజిన్లకు 0డబ్ల్యూ-16 చెబుతోంది. 100 డిగ్రీల దగ్గర ఈ తరగతి ఆయిల్ చిక్కదనం 6.1 నుంచి 8.2 సెంటీస్టోక్స్ మధ్య ఉంటే, పాత కార్లలో వాడే 40 తరగతిది 12.5 నుంచి 16.3. సుమారు సగం. పల్చనిది సన్నని సందుల్లోంచి తేలిగ్గా జారుతుందన్న మాట నిజమే. అయితే ఆ ఇంజిన్లలో బేరింగుల సందులు, ఆయిల్ పంపు, రింగుల బిగువు ఆ పల్చదనానికి తగ్గట్టే తయారు చేస్తారు. ఆయిల్ తగ్గుతోందని ఎవరో చెప్పారు కదా అని వారంటీలో ఉన్న బండిలో చిక్కని 20డబ్ల్యూ-50 పోయించడం సరైన మందు కాదు. జబ్బు అలాగే ఉంటుంది, వారంటీ వాళ్లతో మాట్లాడటానికి మీ దగ్గరున్న బలం పోతుంది.

హద్దు ఎవరిది?

అర లీటరు హద్దు అన్ని కంపెనీలకూ ఒకటి కాదు. టయోటా మాన్యువల్స్‌లో పై హద్దు 1000 కిలోమీటర్లకు లీటరు. దీన్ని చూసి ఇదే మామూలు ఖర్చు అనుకోకండి. ఇది వారంటీ గీసిన గీత. ఈ గీతకు ఇటువైపు ఉన్నంతకాలం సొంత ఖర్చుతో ఇంజిన్ విప్పమని కంపెనీని ఒత్తిడి చేయలేరు, అంతే.

అమెరికాలో ఉంటున్న తెలుగు కుటుంబాల్లో టయోటా కామ్రీ నడిపినవాళ్లకు ఈ గీత ఎలా జరుగుతుందో తెలిసే ఉంటుంది. 2007 నుంచి 2009 వరకు వచ్చిన కామ్రీల్లోనూ, మరికొన్ని మోడళ్లలోనూ ఉన్న 2.4 లీటర్ల 2ఏజెడ్-ఎఫ్ఈ ఇంజిన్ ఆయిల్ విపరీతంగా తాగుతోందని ఫిర్యాదులు పోగయ్యాయి. 2015లో టయోటా అక్కడ ప్రత్యేక వారంటీ ఇచ్చింది. పరీక్షలో 1200 మైళ్లకు క్వార్టు ఆయిల్ తగ్గితే పిస్టన్లు, రింగులు మార్చే ఏర్పాటది. క్వార్టు అంటే 0.946 లీటరు, 1200 మైళ్లంటే 1931 కిలోమీటర్లు. భాగిస్తే 1000 కిలోమీటర్లకు 0.49 లీటరు. మాన్యువల్లో రాసుకున్న హద్దు కంటే రెండింతలు కఠినం. సుబారు కూడా కొన్ని మోడళ్ల మీద పడిన ఆయిల్ ఖర్చు దావాను 2016లో రాజీ చేసుకుని, ఆ సమస్య వరకు వారంటీని 8 ఏళ్లు లేదా లక్ష మైళ్లకు పొడిగించింది. అక్కడ ఓనర్ల చేతిలో ఉన్నవి కొలతలు, తేదీలు, కిలోమీటర్లకు బదులు మైళ్ల రీడింగులు. గట్టిగా అడగడానికి అవే ఆధారమయ్యాయి.

ఒక మిల్లీమీటరు, 50 మిల్లీలీటర్లు

కొలవడం తేలికే, సరిగ్గా కొలవడమే కష్టం. గేజ్ మీద రెండు గుర్తుల మధ్య దూరం 20 మిల్లీమీటర్లు, అది లీటరుకు సమానం అనుకుందాం. అప్పుడు ఒక మిల్లీమీటరు అంటే 50 మిల్లీలీటర్లు. మంచి ఇంజిన్ 1000 కిలోమీటర్లకు ఖర్చు చేసేది 100 మిల్లీలీటర్లయితే గేజ్ మీద మార్పు రెండే రెండు మిల్లీమీటర్లు. మీరు బండి ఆపిన చోటు దీన్ని సులువుగా మింగేస్తుంది.

అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నేల నీళ్లు పోవడానికి వాలుగా ఉంటుంది. వాలు 2 డిగ్రీలే అనుకోండి. గేజ్ దిగే చోటు సంప్, అంటే ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి, మధ్య నుంచి 10 సెంటీమీటర్లు పక్కకు ఉంటే అక్కడ మట్టం మూడున్నర మిల్లీమీటర్లు మారుతుంది. అంటే 175 మిల్లీలీటర్ల తప్పు, ఇంజిన్ నిజంగా ఖర్చు చేసినదాని కంటే ఎక్కువ. వేడి చేసే మోసం ఇంకొకటి. ఆయిల్ డిగ్రీకి సుమారు 0.07 శాతం వ్యాకోచిస్తుంది. నాలుగు లీటర్ల ఆయిల్ 30 డిగ్రీల నుంచి 90 డిగ్రీలకు వేడెక్కితే 170 మిల్లీలీటర్లు పెరిగినట్టు కనిపిస్తుంది. మరోపక్క ఇంజిన్ ఇప్పుడే ఆపితే పై భాగాల్లోని ఆయిల్ ఇంకా కిందికి దిగి ఉండదు, తక్కువగా కనిపిస్తుంది. రెండూ ఒకదాన్నొకటి ఎంతవరకు కొట్టేసుకుంటాయో ఎవరూ చెప్పలేరు.

కాబట్టి రెండు అవసరాలకు రెండు పద్ధతులు పెట్టుకోవాలి. ఆయిల్ సరిపడా ఉందా లేదా అని చూడాలంటే మాన్యువల్ చెప్పినట్టే చేయండి. మామూలుగా ఇంజిన్ వేడెక్కాక, చదునైన చోట ఆపి, ఐదు నిమిషాలు ఆగి చూడమంటుంది. నెలకెంత తగ్గుతోందో తెలుసుకోవాలంటే మాత్రం ప్రతిసారీ ఒకే చోట, బండి ముందు భాగం ఒకే వైపుకు ఉంచి, పొద్దున్నే ఇంజిన్ స్టార్ట్ చేయకముందు చూడండి. చోటు, వేడి మారకపోతే తప్పు కూడా మారదు, తేడా నిజమే చెబుతుంది. గేజ్ లాగి, పీచు రాలని శుభ్రమైన గుడ్డతో తుడిచి, మళ్లీ అడుగుదాకా దించి, తీసి చూడాలి. మొదట లాగినప్పుడు కనిపించేది లెక్కలోకి రాదు, గొట్టం అంచులకు అంటిన ఆయిల్ దాన్ని చెరిపేస్తుంది. రెండు వైపులా చూసి తక్కువగా ఉన్నవైపు తీసుకోవాలి. ఫోన్‌లో ఫొటో తీసి, మీటరు రీడింగుతో పాటు దాచుకుంటే చాలు.

ఈ వరసలో మొదటి ఫొటో డెలివరీ రోజుదై ఉండాలి. కొత్త కారు ఆయిల్ పై గుర్తు దగ్గరే ఉంటుందన్న హామీ ఏమీ లేదు. మధ్యలో మొదలైన బండిని 3000 కిలోమీటర్ల తర్వాత మొదటిసారి చూసి, ఇంత తాగేసిందా అని బెంబేలు పడేవాళ్లుంటారు. ఆయిల్ మార్చిన ప్రతిసారీ ఇదే పని మళ్లీ చేయాలి. కొత్త ఫిల్టర్ ఖాళీగా వస్తుంది. ఇంజిన్ తిరిగాక అది నిండడానికి కొంత ఆయిల్ లాక్కుంటుంది. ఇంజిన్ ఒకసారి నడిపించి మళ్లీ చూడకుండా బండి ఇచ్చేస్తే, ఆ తగ్గుదల మీ లెక్కలో ఇంజిన్ తాగిన ఖాతాలో పడుతుంది.

ఇంత జాగ్రత్తగా చూసినా 1000 కిలోమీటర్ల కొలతతో తీర్పు చెప్పలేం. 5000 కిలోమీటర్లలో 10 మిల్లీమీటర్లు దిగితే, రెండు మిల్లీమీటర్ల తప్పును పక్కన పెట్టినా, అంకె మీద నమ్మకం పెట్టుకోవచ్చు. గేజ్ అసలే లేని ఖరీదైన కార్లు కొన్ని ఉన్నాయి, వాటిలో స్క్రీన్ మీద చూపే మట్టమే దిక్కు. దాన్నీ ఇలాగే నెలనెలా రాసి పెట్టుకోవాలి.

ఎర్ర దీపం ఆయిల్ మట్టానిది కాదు

డ్యాష్‌బోర్డు మీద నూనె డబ్బా బొమ్మతో వెలిగే ఎర్ర దీపాన్ని చాలామంది ఆయిల్ తగ్గిందని చెప్పే దీపం అనుకుంటారు. అది పీడనం దీపం. చాలా ఇంజిన్లలో ఆయిల్ పీడనం 0.3 నుంచి 0.5 బార్‌కు పడిపోతేనే వెలుగుతుంది. పంపుకు ఆయిల్ అందుతున్నంతసేపూ, సంప్‌లో సగమే మిగిలినా, అది నిశ్శబ్దంగా ఉండొచ్చు. మట్టం బాగా తగ్గిన బండిలో గట్టి మలుపులోనో, సడెన్ బ్రేకు వేసినప్పుడో ఆయిల్ పక్కకు ఒరిగి, పంపు గాలి పీల్చి, ఆ దీపం ఒక్క క్షణం మిణుకుమంటుంది. ఆ మిణుకును చూసీ చూడనట్టు వదలకూడదు. దీపం వెలిగే ఉంటే పక్కన ఆపి ఇంజిన్ కట్టేయడం తప్ప వేరే దారి లేదు. దగ్గరి పెట్రోల్ బంకు దాకా పోదామనుకునే ఆ రెండు కిలోమీటర్లలోనే బేరింగులు పోతాయి. మట్టం కోసం వేరే పసుపు దీపం ఉన్న కార్లున్నాయి, చాలా చిన్న కార్లలో అది ఉండదు.

తగ్గకపోగా పెరిగితే

ఆయిల్ పెరగడం తగ్గడం కంటే మంచిదేమీ కాదు. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 వచ్చాక డీజిల్ కార్లలో మసిని పట్టే ఫిల్టర్ తప్పనిసరిగా చేరింది. ఆ మసిని కాల్చడానికి చాలా ఇంజిన్లు అదనపు డీజిల్‌ను ఆలస్యంగా సిలిండర్లోకి చిమ్ముతాయి. అందులో కొంత గోడ వెంట కారి సంప్‌లో కలుస్తుంది. రోజూ నాలుగైదు కిలోమీటర్లు తిరిగి ఆపేసే బండిలో మసి కాలే పని మధ్యలోనే ఆగి, మళ్లీ మళ్లీ మొదలై, డీజిల్ కలుస్తూనే ఉంటుంది. గేజ్ పై గుర్తు దాటిందంటే ఆయిల్ ఎక్కువైనట్టు కాదు, పల్చబడినట్టు. అప్పుడు సర్వీసు గడువు కోసం చూడకుండా ఆయిల్ మార్పించాలి. పెట్రోల్ బండ్లకూ ఇది వస్తుంది. 2018లో చైనాలో హోండా సీఆర్-వీ 1.5 టర్బో బండ్లను ఇదే కారణంతో వెనక్కి పిలిచారు. చలి ప్రాంతాల్లో, చిన్న చిన్న ప్రయాణాల్లో పెట్రోల్ ఆయిల్‌లో కలిసి మట్టం పెరిగిపోయింది.

ఊళ్లో తిరిగే పెట్రోల్ కార్ల ఓనర్లు గమనించాల్సింది ఇందులోనే ఉంది. చిన్న ప్రయాణాల్లో పూర్తిగా వేడెక్కకుండా నడిచే ఇంజిన్ ఒకపక్క ఆయిల్ తాగుతూ, మరోపక్క కొద్దికొద్దిగా పెట్రోల్ కలుపుకుంటూ ఉంటుంది. గేజ్ నెలల తరబడి కదలదు. తిరుపతికో బెంగళూరుకో ఒక్కసారి గట్టిగా పోయొస్తే ఆ వేడికి పెట్రోల్ ఆవిరై, దాగి ఉన్న తగ్గుదల ఒక్కసారిగా బయటపడుతుంది. దూర ప్రయాణానికి ముందే కాదు, తిరిగొచ్చాక కూడా గేజ్ చూడాలనడం అందుకే.

తక్కువైనప్పుడు పోసేదైనా కొలిచే పోయాలి. అదే తరగతి ఆయిల్, ఒకసారికి 200 మిల్లీలీటర్లు, పది నిమిషాలు ఆగి చూసి మళ్లీ. పై గుర్తు దాటిస్తే క్రాంక్ షాఫ్టు ఆయిల్‌ను చిలికి నురగ చేస్తుంది, నురగను పంపు సరిగా తోయలేదు. పోసిన ప్రతి మిల్లీలీటరూ ఫొటోల పక్కన రాసి పెట్టాలి, లేకపోతే లెక్క చెడుతుంది.

నా మట్టుకు నేను పెట్టుకున్న గీతలు ఇవి. 5000 కిలోమీటర్లు దాటాక 1000కి 100 మిల్లీలీటర్ల లోపు ఉంటే నెలకోసారి చూస్తే చాలు. 100 నుంచి 300 మధ్య ఉంటే పెట్రోల్ కొట్టించిన ప్రతి రెండోసారి చూడాలి, అరలీటరు ఆయిల్ డిక్కీలో ఉంచుకోవాలి. 300 దాటి, 10,000 కిలోమీటర్ల తర్వాత కూడా దిగిరాకపోతే, కంపెనీ హద్దు లోపలే ఉన్నా సరే, వారంటీ ఉండగానే ఆయిల్ ఖర్చు పరీక్ష చేయమని రాతపూర్వకంగా అడగాలి. తొలి 5000లో 300 ఉండి తర్వాత 80కి పడితే దిగులు అక్కర్లేదు. 50 ఉన్నది 20,000 దగ్గర 250 అయితే, అంకె చిన్నదే అయినా, దాని దిశ మంచిది కాదు.

పరీక్ష మామూలుగా ఇలా జరుగుతుంది. సర్వీసు సెంటర్‌లో పాత ఆయిల్ తీసేసి, కొలిచి కొత్తది పోస్తారు. ఆయిల్ మూతకు, గేజ్‌కు, కింది డ్రెయిన్ బోల్టుకు సీళ్లు వేస్తారు. మీరు 1000 కిలోమీటర్లు నడిపి తెస్తే మిగిలిన ఆయిల్ బయటికి తీసి కొలుస్తారు లేదా తూకం వేస్తారు. సీళ్లు వేసేటప్పుడూ తీసేటప్పుడూ ఎదురుగా ఉండండి. పోసింది ఎన్ని మిల్లీలీటర్లో, తీసింది ఎన్ని మిల్లీలీటర్లో, మధ్యలో మీటరు ఎంత తిరిగిందో ఆ మూడు అంకెలూ జాబ్ కార్డు మీద రాయించుకుని, సంతకంతో కాపీ తీసుకోండి.